చేప మేతలో పసుపు, వెల్లుల్లి: ఎంత కలపాలి, ఎప్పుడు కలపాలి

కుంటలో చేపల మీద వీడియో పెట్టిన ప్రతిసారీ కింద ఒకే ప్రశ్న వస్తోంది. "అన్నా, మేతలో పసుపు ఎంత కలపాలి? వెల్లుల్లి ఎంత?" ఒక్క మాటలో చెప్పాలంటే కిలో మేతకు 5 గ్రాములు మించొద్దు. కానీ ఆ అయిదు గ్రాములు చేప ఒంట్లో ఎక్కడికి వెళ్లి ఏం చేస్తాయో తెలియకపోతే, సగం పసుపు నీళ్లలో కలిసిపోతుంది. మిగతా సగం పనిచేసిందో లేదో మనకు తెలియదు. ఆ తెలియని చోటే "హెర్బల్ గ్రోత్ ప్రమోటర్" అని రాసిన సీసాలు అమ్ముడుపోతున్నాయి. అందుకే ఈసారి వీడియోలో చెప్పడానికి టైం చాలని సంగతులన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇప్ప చెట్టు గురించి. మా కృష్ణదేవిపేట నుంచి ఘాట్ ఎక్కితే ఏజెన్సీలో ఇప్ప చెట్లకు కొదవ లేదు. ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే చెక్క చేపల రైతుకు బాగా తెలిసినదే. పిల్లలు వదిలే ముందు చెరువులో ఉన్న కొరమీను, వాలుగ, జెల్లల్లాంటి వేట చేపల్ని తీసేయడానికి వాడతాం. ఎకరం చెరువులో మీటరు లోతు నీళ్లుంటే సుమారు 1000 కిలోలు పడుతుంది. అందులో సాపోనిన్ అనే పదార్థం ఉంటుంది, కుంకుడుకాయ నురగలో ఉండే జాతిదే. అది మొప్పల గుండా రక్తంలోకి వెళ్లి ఎర్ర కణాలను పగలగొడుతుంది. చేప చచ్చి తేలుతుంది. రెండు మూడు వారాలు ఆగితే విషం విరిగిపోయి అదే చెక్క చెరువుకు ఎరువవుతుంది. ఇందులో రసాయనం చుక్క లేదు, అంతా చెట్టు సరుకే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన ప్రకృతి వ్యవసాయంలో "మొక్క నుంచి వచ్చింది కదా, ఎక్కువైనా ఏం కాదులే" అనే మాట తరచుగా వింటాను. చేపల దగ్గర ఆ మాట కుదరదు. వరి మడిలో కొట్టిన అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటుంది. నికోటిన్ చేపకు విషం. నీమాస్త్రం, వేప నూనె కూడా నీళ్లలో కలిస్తే చేపకు మంచివి కావు. మడి నీళ్లు దిగే చోట కుంట ఉన్నవాళ్లు కషాయాలు కొట్టిన రోజు, ఆ తర్వాత వాన పడే రోజు నీళ్ల దారి మళ్లించండి. పిచికారీ డబ్బాలు కుంటలో కడగొద్దు.

ఇక చేప ఒంట్లోకి వెళదాం. మనం పెంచే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారు తీగ, ఇవన్నీ కార్పు జాతులు. వీటికి పొట్ట ఉండదు. నవ్వకండి, నిజమే. మనకు, కోడికి, కొరమీనుకు ఉన్నట్టు ఆమ్లం ఊరే జీర్ణాశయం కార్పులకు లేదు. గొంతు దిగిన మేత నేరుగా పేగులోకి పోతుంది. శీలావతి పేగు ఒంటి పొడవు కంటే చాలా రెట్లు పొడవుంటుంది, వీడియోలో కోసి చూపించింది అదే. ఆమ్లం లేదు కాబట్టి అరుగుదల భారమంతా పైత్యరసం మీద, క్లోమం వదిలే ఎంజైముల మీద పడుతుంది. ఆ క్లోమం కూడా విడిగా ఒక ముద్దలా ఉండదు. దాని కణజాలం చాలావరకు కాలేయంలోనే చెల్లాచెదురుగా కలిసిపోయి ఉంటుంది. అంటే కార్పు చేపకు కాలేయం చెడితే నిల్వ ఇల్లూ, వంటిల్లూ రెండూ ఒకేసారి చెడినట్టు.

చేప ఒంటి వేడి నీటి వేడే. నీళ్లు చల్లబడితే ఎంజైములు నెమ్మదిస్తాయి, ఆకలి తగ్గుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. ఇంకో తేడా ఉంది. చేప మాంసకృత్తులను శక్తి కోసం కూడా సులువుగా కాల్చేస్తుంది. ఆ వ్యర్థం అమ్మోనియాగా మొప్పల గుండా నీళ్లలోకి వస్తుంది. మనలా యూరియా చేసి మూత్రంలో పంపే శ్రమ పెద్దగా పెట్టుకోదు. అందుకే చెక్క ఎక్కువ వేస్తే చేప ఎక్కువ పెరుగుతుందన్న లెక్క ఒక హద్దు వరకే నడుస్తుంది. పెరిగే కార్పులకు మేతలో 25 నుంచి 30 శాతం మాంసకృత్తులు చాలు. పైన వేసిందంతా మన డబ్బుతో నీళ్లలో అమ్మోనియా పెంచడమే. నూకలు, తవుడు మరీ ఎక్కువైతే ఇంకో దారిలో పోతుంది. మిగిలిన పిండిపదార్థం కొవ్వుగా మారి కాలేయంలో, పేగు చుట్టూ పేరుకుంటుంది. చేప కోసినప్పుడు పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు తీగలు కనబడతాయి చూడండి, అది ఆరోగ్యం కాదు.

వెల్లుల్లి, పసుపు, అల్లం, మెంతి లాంటివి మొదట పనిచేసేది ఈ పేగు దగ్గరే. ఘాటు, చేదు తగిలితే పైత్యరసం, ఎంజైములు ఎక్కువ ఊరతాయి. పేగులో చెడు బాక్టీరియా కొంత అణుగుతుంది. ఆ తర్వాత కాలేయం. పసుపులోని కర్కుమిన్ కొవ్వులు పాడవకుండా ఆపే గుణం ఉన్నది, కాలేయ కణాల మీద పడే దెబ్బను తగ్గిస్తుంది. చివరిది రక్తం. మన దగ్గరి చేపల మీదే చేసిన పరీక్షలున్నాయి. భువనేశ్వర్ దగ్గర కౌశల్యాగంగలో ఉన్న సీఫా, అంటే కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, అక్కడి శాస్త్రవేత్తలు 2007 ప్రాంతంలో శీలావతి పిల్లలకు వెల్లుల్లి, మామిడి టెంకలోని పప్పు మేతలో కలిపి పెట్టారు. కిలో మేతకు 1, 5, 10 గ్రాముల చొప్పున 60 రోజులు. తర్వాత ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియాను ఎక్కించారు. ఒంటి మీద ఎర్ర మచ్చలు, పుండ్లు తెచ్చేది అదే. మామూలు మేత తిన్నవాటి కంటే మొక్కల మేత తిన్న పిల్లలు ఎక్కువ బతికాయి, రక్తంలో రోగనిరోధక గుర్తులు మెరుగ్గా కనిపించాయి. మామిడి టెంకలు మనం పారేసేవే కదా, ఆ సంగతి నాకు భలే నచ్చింది.

ఒకటి గమనించండి. ఆ పరీక్షల్లో అత్యధిక మోతాదు కిలోకు 10 గ్రాములు, అంటే ఒక్క శాతం. కొందరు రైతులు కిలో తవుడుకు గుప్పెడు వెల్లుల్లి దంచి వేస్తున్నారు. వాసన ఎక్కువైతే చేప మేత వదిలేస్తుంది. నార్వేలో సాల్మన్ చేపలకు సోయా పిండి ఎక్కువ పెట్టినప్పుడు పేగు చివరి భాగం వాచిపోయింది. వెతికితే సోయాలోని సాపోనిన్లే ప్రధాన దోషులని తేలింది. మోతాదు మించితే మేలు చేసే మొక్కే పేగును పుండు చేస్తుంది.

అసలు విషయం ఇప్పుడు. పసుపు వేసే ముందు మీ తవుడు వాసన చూడండి.

కొల్లేరు చుట్టుపక్కల 1970ల చివర్లో మొదలైన బొచ్చె, శీలావతి సాగు ఇవాళ్టికీ తవుడు, నూనె చెక్కల మీదే ఎక్కువగా నడుస్తోంది. మనమూ ఆ పద్ధతే తెచ్చుకున్నాం. వాళ్లు ఎక్కువగా వాడేది డీఓబీ, అంటే నూనె తీసేసిన తవుడు. మన ఊళ్లలో వాడేది రైసుమిల్లు పచ్చి తవుడు. దాంట్లో నూటికి 15 నుంచి 20 పాళ్ల నూనె ఉంటుంది. బియ్యం మర పట్టిన గంటల్లోనే తవుడులోని ఎంజైము ఆ నూనెను విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. గోనె సంచుల్లో రెండు వారాలు ఉంచితే ముక్క వాసన, గొంతు పట్టే చేదు వస్తాయి. ఆ పాడైన కొవ్వు కాలేయానికి నేరుగా దెబ్బ. జపాన్‌లో ఒకప్పుడు కార్పు చేపలకు ఎండబెట్టిన పట్టుపురుగు ప్యూపాలు మేతగా పెట్టేవారు. అందులోని కొవ్వు పాడై, చేపల వీపు కండ కరిగిపోయి సన్నబడేది. మూత్రంలో చక్కెర కూడా పోయేది. ఆ జబ్బుకు సెకోకే అని పేరు, వీపు చిక్కిపోవడం అని అర్థం. విటమిన్ ఇ ఇస్తే ఆగింది. కారణం రోగక్రిమి కాదు, మేతలో పాడైన కొవ్వు.

కాబట్టి ముక్కిన తవుడులో పసుపు కలిపి "కాలేయానికి మందు వేస్తున్నా" అనుకోవడం, చిల్లు పడ్డ పడవలోంచి చెంబుతో నీళ్లు తోడినట్టే. ముందు చిల్లు మూయాలి. తవుడు వారానికి సరిపడా తెచ్చుకోండి. కుదరకపోతే డీఓబీకి మారండి. వేరుశనగ చెక్క విరిచి లోపల చూడండి. ఆకుపచ్చ, పసుపు బూజు కనబడితే అందులో అఫ్లాటాక్సిన్ ఉండొచ్చు. అది కాలేయాన్ని తినేసే విషం. ఎండబెడితే పోదు, ఉడికించినా పూర్తిగా పోదు. అలాంటి చెక్కను పశువులకూ పెట్టొద్దు, కంపోస్టు గుంటలో వేసేయండి. పత్తి చెక్కలో గాసిపాల్ ఉంటుంది, దాన్ని మేతలో కొద్ది భాగానికే పరిమితం చేయండి. తల్లి చేపలకు అసలు వద్దు.

తవుడు, చెక్కల్లో ఉన్న ఇంకో చిక్కు ఫైటేటు. గింజల్లోని భాస్వరంలో సుమారు మూడింట రెండొంతులు ఈ రూపంలోనే తాళం వేసి ఉంటుంది. జింకు, ఇనుము కూడా దానికి అతుక్కుంటాయి. ఆమ్లం లేని కార్పు పేగులో ఆ తాళం తీయడం ఇంకా కష్టం. తియ్యని భాస్వరం పెంటతో నీళ్లలోకి వచ్చి, నాచు పెరిగి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. చేపలు నోరు తెరిచి పైకి వస్తే "మబ్బు పట్టింది, అందుకే" అంటాం. మేత పాత్ర కూడా ఉంది. ముంబైలోని సీఐఎఫ్ఈ, మన కాకినాడలో సెంటర్ ఉన్న సంస్థే, అక్కడ శీలావతి పిల్లలకు ఫైటేజ్ ఎంజైముతో పాటు సిట్రిక్ ఆమ్లం కలిపి పెట్టి చూశారు. ఎముకల్లోకి ఖనిజాలు మెరుగ్గా చేరాయి. ఎంజైము పనిచేయడానికి పులుపు తోడ్పడిందన్నమాట.

మన చేతిలో దీనికి చవకైన దారి పులియబెట్టడం. తాజా తవుడు 10 కిలోలు, బెల్లం 200 గ్రాములు, పుల్ల మజ్జిగ ఒక లీటరు, పిండి ముద్ద కట్టేంత నీళ్లు. మూత ఉన్న డ్రమ్ములో గట్టిగా అదిమి 24 నుంచి 36 గంటలు ఉంచుతాను. పుల్లటి కమ్మని వాసన రావాలి. కుళ్లు వాసన వస్తే అది పోయినట్టే, పారేయండి. పులిసిన తవుడు ఏ రోజుది ఆ రోజు వాడేయాలి. నన్నడిగితే పసుపు కొనే డబ్బులతో ముందు ఈ డ్రమ్ము కొనుక్కోమంటాను.

ఇవి సర్దుకున్నాక వెల్లుల్లి, పసుపు మాట. వెల్లుల్లిలో పనిచేసే అల్లిసిన్ అనే పదార్థం రెబ్బలో ముందుగా ఉండదు. రెబ్బ నలిగినప్పుడే ఒక ఎంజైము దాన్ని తయారుచేస్తుంది. అందుకని దంచి పది నిమిషాలు అలా వదిలేయాలి, తర్వాతే మేతలో కలపాలి. ఉడికించిన వెల్లుల్లి పప్పులోకి బాగుంటుంది, చేపకు దండగ. పచ్చి వెల్లుల్లిలో సగానికి పైగా నీళ్లే. కిలో మేతకు 5 గ్రాముల పొడి అనుకున్నచోట పచ్చిది 12 నుంచి 15 గ్రాములు పడుతుంది. పసుపులో కర్కుమిన్ సాధారణంగా నూటికి 2 నుంచి 6 పాళ్లు, రకాన్ని బట్టి మారుతుంది. అది నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. చెంచాడు గోరువెచ్చని నువ్వుల నూనెలోనో కొబ్బరి నూనెలోనో కలిపి మేతకు పట్టిస్తే పేగు తీసుకునే వీలు ఎక్కువ. చింతపల్లి, పాడేరు వైపు నుంచి వచ్చే కొమ్ములు కొని మీరే పొడి కొట్టించుకోండి. బజారు పొడిలో రంగు కల్తీ ఉంటే, ముఖ్యంగా లెడ్ క్రోమేట్ లాంటిది ఉంటే, ఆ సీసం చేప ద్వారా మన కంచంలోకే వస్తుంది.

కలిపే పద్ధతిలో చాలామంది జారేది సంచి దగ్గర. గోదావరి జిల్లాల పద్ధతిలో మనం అడుగున చిల్లులు పొడిచిన సంచుల్లో మేత నింపి వెదురు కర్రలకు కడతాం. చేప వచ్చి చిల్లుల్లోంచి పీల్చుకుంటుంది. ఆ సంచి నీళ్లలో గంటలు గంటలు ఉంటుంది. పొడిగా చల్లిన పసుపు మొదటి అరగంటలోనే మబ్బులా నీళ్లలోకి పోతుంది. అందుకని మందు కలిపిన మేతను సంచిలో వేయను. గంజితో ముద్ద చేసి, నిమ్మకాయంత ఉండలు కట్టి, నీడలో కాస్త ఆరనిచ్చి, వెదురు తట్టలో పెట్టి దింపుతాను. పొద్దున్న ఆకలి మీద ఉన్నప్పుడు రోజు మేతలో సగం ఇలా ఇస్తే చాలు. మొత్తం మందు ఆ సగంలోనే కలపాలి. గంటకు తట్ట పైకి తీస్తే ఎంత తిన్నాయో కూడా తెలుస్తుంది.

లెక్క ఇది. అర ఎకరం కుంటలో 800 చేపలు, ఒక్కోటి 250 గ్రాములు అయితే మొత్తం 200 కిలోలు. ఒంటి బరువులో 2 శాతం చొప్పున రోజుకు 4 కిలోల మేత. కిలోకు 5 గ్రాముల చొప్పున పసుపు రోజుకు 20 గ్రాములు. నెలకు పది రోజులే ఇస్తాను, కాబట్టి నెలకు 200 గ్రాములు. చేప పెరిగి మేత పెరిగినా పంట మొత్తానికి మూడు కిలోలు దాటదు. ఇంత చిన్న ఖర్చుకు వేలు పోసి సీసా కొనాలా అన్నది మీరే చూసుకోండి. రోజూ ఎందుకు ఇవ్వనంటే, రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే వస్తువును ఆపకుండా ఇస్తే ఒళ్లు దానికి అలవాటుపడి స్పందన తగ్గుతుంది.

కాలం కూడా చూసుకోవాలి. కొండ కింద ఊళ్లకు కార్తీకం దాటాక రాత్రి చలి ముందు తగులుతుంది, నీళ్లు త్వరగా చల్లబడతాయి. వానలకు కొండ నీళ్లు దిగి కుంటలో క్షారత కూడా తగ్గి ఉంటుంది. 1988లో మన దేశంలోకి వచ్చిన పుండ్ల జబ్బు, ఈయూఎస్ అంటారు, సరిగ్గా ఈ కాలంలోనే విరుచుకుపడుతుంది. అది ఒక రకం శిలీంధ్రం లాంటి జీవి పని. చలి పట్టాక పసుపు మొదలుపెడితే ఆలస్యం, అప్పటికి చేప సరిగ్గా తినదు. దసరా దాటగానే ఒక పది రోజులు, దీపావళి దాటాక ఇంకో పది రోజులు ఇవ్వండి. దానితో పాటు నీటి పరీక్ష చూసుకుని సున్నం వేయండి. పుండ్లు పడ్డాక మేత మందుతో తగ్గించుకుందాం అని కూర్చోవద్దు, మత్స్యశాఖ వాళ్లకు చూపించండి. యాంటీబయాటిక్ పొట్లం ఎవరైనా చేతిలో పెడితే పేరు చదవండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చేపల సాగులో నిషేధం. యూరప్ అయితే పెరుగుదల కోసం పశువుల మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్నే 2006 జనవరి 1 నుంచి ఆపేసింది. మొక్కల మందుల మీద ప్రపంచమంతా పరిశోధన ఊపందుకోవడానికి అదొక పెద్ద కారణం.

చేప పేనుకు వెల్లుల్లి పెట్టొచ్చా అని కూడా అడుగుతున్నారు. మేతలో పెట్టిన దానితో చెరువంతా పట్టిన పేను పోదు. పేను గట్టి వస్తువుల మీద గుడ్లు పెడుతుంది. కుంటలో వెదురు బద్దలు, చెక్క పలకలు నిలబెట్టి, వారానికోసారి తీసి ఎండలో గట్టిగా ఎండబెట్టి మళ్లీ దింపండి. గుడ్లు ఎండి చస్తాయి.

చివరిగా హాపాలు. పసుపు మీ కుంటలో పనిచేసిందో లేదో నేను చెప్పలేను, సీసా అమ్మేవాడూ చెప్పలేడు. నైలాన్ నెట్‌తో నాలుగు హాపాలు కుట్టించి ఒకే కుంటలో, ఒకే లోతులో కట్టండి. ఒక్కోదాంట్లో ఒకే సైజు పిల్లలు 30. రెండు హాపాలకు మామూలు మేత, రెండింటికి పసుపు మేత. మేత తూకం అన్నిటికీ ఒకటే. 60 రోజుల తర్వాత తూచండి. ఉదాహరణకు ఒక హాపాలో మొదట 1.5 కిలోలున్నవి 3.9 కిలోలయ్యాయి, తిన్నది 4.8 కిలోలు అనుకుందాం. పెరిగింది 2.4 కిలోలు. అంటే కిలో పెరగడానికి 2 కిలోల మేత పట్టింది. ఇలా నాలుగింటికీ కట్టండి. ఎందుకు రెండేసి అంటారా? ఒకే మేత తిన్న రెండు హాపాల మధ్యే 200 గ్రాముల తేడా వస్తే, పసుపు హాపాలో ఎక్కువ వచ్చిన 150 గ్రాములు పసుపు చలవ అని చెప్పడానికి లేదు. తూకంతో పాటు ప్రతి హాపా నుంచి ఒక చేపను కోసి కాలేయం రంగు చూడండి. ముదురు ఎరుపు గోధుమ రంగులో ఉండాలి. పాలిపోయి, పసుపుపచ్చగా, వేలితో నొక్కితే చితికిపోయేలా ఉంటే కొవ్వు పట్టిందని. నాలుగింట్లోనూ అలాగే ఉంటే ఆ రోజు పసుపు డబ్బా పక్కన పెట్టి, తవుడు సంచి మూతి విప్పి వాసన చూడండి.